వంకాయ మీది కిటికీ

గుత్తివంకాయ కూరకని రైతు బజారు నుంచి తెచ్చిన వంకాయల్లో ఒకదాన్ని వంటింటి గట్టు మీద, కిటికీ పక్కన పెట్టి ఫోనుతో ఫొటో తీశాను. పెద్ద కారణమేమీ లేదు, నిగనిగలాడుతూ ముచ్చటగా ఉంది, అంతే. తరవాత తెర మీద రెండు వేళ్ళతో సాగదీసి చూస్తే, వంకాయ భుజం మీద మెరుస్తున్న తెల్ల చుక్క నిజానికి చుక్క కాదు. అది మా వంటింటి కిటికీ. నాలుగు నిలువు ఊచలు, తెరిచి ఉన్న ఒక రెక్క, ఊచకి ఆరేసిన మసిగుడ్డ, అన్నీ గోరంత జాగాలో వంపు తిరిగి కూర్చున్నాయి.

ఆ పూట కూర ఆలస్యమైంది. "ఆ ఒక్కటీ ఇస్తే పొయ్యి మీద పడేస్తాను అమ్మాయ్" అని అత్తయ్య రెండుసార్లు అడిగారు. ఇవ్వలేదు.

కదలని వస్తువుల్ని ముందు పెట్టుకుని బొమ్మ గీయడాన్నీ ఫొటో తీయడాన్నీ స్టిల్ లైఫ్ అంటారు. ఫ్రెంచివాళ్ళ మాటకైతే 'చచ్చిన ప్రకృతి' అని అర్థం. ఆ పేరు పెట్టినవాళ్ళు వంకాయని సరిగ్గా చూసినట్టు లేదు. ఫొటోగ్రఫీ పుట్టిన కొత్తలో స్టిల్ లైఫ్‌ని పట్టుకోవడానికి కారణం కళాభిరుచి ఒక్కటే కాదు, గత్యంతరం లేకపోవడం కూడా. అప్పటి రసాయనాలకి వెలుగు నిమిషాల తరబడి తగలాలి. అంతసేపు మనిషి కదలకుండా ఉండలేడు. అందుకే పారిస్‌లో లూయీ డాగేర్ 1837లో తన పద్ధతిని పరీక్షించుకోవడానికి ప్లాస్టర్ బొమ్మల్నీ ఒక సీసానీ కిటికీ వెలుగులో పేర్చుకున్నాడు. ఇంగ్లండులో విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ పింగాణీ కప్పులూ టీ కెటిళ్ళూ వరసగా అరల్లో పెట్టి తీశాడు. 1844లో మొదలై విడతలుగా వెలువడిన తన 'ద పెన్సిల్ ఆఫ్ నేచర్' పుస్తకంలో ఆ ఫొటో పక్కనే ఒక తమాషా ఊహ కూడా రాశాడు: ఈ సామానుని ఎప్పుడైనా దొంగ ఎత్తుకుపోతే, ఈ బొమ్మనే కోర్టులో సాక్ష్యంగా చూపిస్తే న్యాయమూర్తి ఏమంటాడో అని. ఇవాళ ఇంట్లోని బంగారాన్ని ఫోనులో ఫొటోలు తీసి దాచుకునేవాళ్ళకి ఆయన దాదాపు నూట ఎనభై ఏళ్ళ నాటి ముత్తాత.

సరే, వంకాయ దగ్గరికి వద్దాం. ఆ చుక్క కిటికీ అని తెలిశాక, కిటికీని మారిస్తే చుక్క మారాలి కదా. రెక్కలు మూసి సన్నని సందు మాత్రం వదిలాను. చుక్క సన్నని గీతయింది. వంకాయ ఒక పక్క వెలుగు, ఒక పక్క చీకటి, మధ్యలో గీసినట్టు హద్దు. రెక్కలు పూర్తిగా తెరిచి, ఊచలకి అడ్డంగా తెల్ల పంచె కట్టాను. ఊచలు మాయమయ్యాయి. చుక్క వెడల్పయి పాలమీగడలా పరుచుకుంది. వెలుగు నుంచి చీకటికి ఎక్కడ దాటామో వేలు పెట్టి చూపించలేం. వంకాయ అదే, గట్టు అదే, ఫోను కూడా కదల్లేదు.

ఫొటోగ్రాఫర్లు గట్టి వెలుగు, మెత్తని వెలుగు అంటుంటారు. వినడానికి అది వెలుగు రకంలో తేడా అనిపిస్తుంది. కాదు. వస్తువు ఉన్న చోట నుంచి చూస్తే వెలుగునిచ్చేది ఎంత పెద్దగా కనిపిస్తుందన్నదే తేడా. సూర్యుడి వ్యాసం దాదాపు 14 లక్షల కిలోమీటర్లు. కానీ 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉండడం వల్ల మన ఆకాశంలో అర డిగ్రీ మేర మాత్రమే ఆక్రమిస్తాడు. చెయ్యి చాచి చిటికెన వేలు అడ్డం పెడితే వేలి వెడల్పులో సగానికి సరిపోతాడు. అంత చిన్న మూల నుంచి వచ్చే వెలుగు కాబట్టే మిట్టమధ్యాహ్నపు నీడకి కత్తి అంచులాంటి అంచు. ఆ అంచు కూడా పూర్తి పదును కాదు. ఎండ పడే గోడకి మీటరు దూరంలో చెయ్యి పెడితే నీడ అంచు ఇంచుమించు 9 మిల్లీమీటర్ల మేర పలచబడుతుంది. గోడకి ఆనించిన చేతి నీడకి ఆ మసక ఉండదు.

ఇక మీటరు వెడల్పున్న కిటికీకి మీటరు దూరంలో వంకాయని పెట్టండి. వంకాయ కంటికి ఆ కిటికీ 53 డిగ్రీలు, అంటే అడ్డంగా సూర్యుడికి వంద రెట్లు. ఒక అంచు నుంచి వచ్చే వెలుగుకి ఏర్పడే నీడలోకి ఇంకో అంచు నుంచి వచ్చే వెలుగు దూరిపోతుంది. అందుకే మెత్తదనం. అదే కిటికీకి నాలుగు మీటర్ల దూరానికి జరిగితే 14 డిగ్రీలే మిగులుతుంది, నీడలు మళ్ళీ ముదురుతాయి. మబ్బు పట్టిన రోజు ఆకాశమంతా దీపమే కనక నీడలే ఉండవు. పెళ్ళి ఫొటోగ్రాఫర్లు ఫ్లాషుకి తెల్లగొడుగు తగిలించేదీ ఇందుకే. వెలుగు ఎక్కువవడానికి కాదు (గొడుగు వల్ల తగ్గుతుంది కూడా), పెద్దదవడానికి.

అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఎడ్వర్డ్ వెస్టన్ 1930లో తీసిన 'పెప్పర్ నంబర్ 30' అన్న ఫొటో ఈ సంగతికి గొప్ప సాక్ష్యం. మనం క్యాప్సికం అనే బెంగుళూరు మిర్చి అది. మెలితిరిగిన వీపులా, పెనవేసుకున్న చేతుల్లా కనిపిస్తుంది. అప్పటికి వెస్టన్ అలాంటి మిరపకాయల్ని చాలా తీశాడు. వెనక గుడ్డ కట్టి చూశాడు, తెల్ల అట్ట పెట్టి చూశాడు, తృప్తి కలగలేదు. చివరికి ఒక పెద్ద రేకు గరాటాలో, వెడల్పు మూతిలో దాన్ని పడుకోబెట్టాడు. పైనుంచి వచ్చే వెలుగు గరాటా గోడలకి తగిలి అన్ని పక్కల నుంచీ కాయ మీదికి తిరిగివచ్చింది. నీడ పడాల్సిన లోయల్లో కూడా పలచని వెలుగు నిండింది. ఆ ఫొటో గురించి రాసినవాళ్ళు శిల్పమనీ శృంగారమనీ చాలా రాశారు. నాకు మాత్రం ముందు గరాటాయే గుర్తొస్తుంది. నూనె పోసుకునే గరాటాలో దీపం కనిపెట్టిన మనిషి కదా. మేం కూడా స్టీలు బేసిన్‌తో ఆ పని చేసి చూశాం. ఫలితం వెస్టన్‌లా రాలేదు కానీ, గట్టు మీద పెట్టిన వంకాయకీ బేసిన్‌లోని వంకాయకీ అసలు చుట్టరికమే లేనట్టుంది.

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన భాగం. ఆ చుక్క రంగేమిటి?

వంకాయ ఊదా రంగులో ఉంది, చుక్క తెల్లగా ఉంది. టమాటా ఎర్రన, దాని మీద చుక్క తెలుపే. పచ్చిమిరపకాయ మీదా తెలుపే. పూజగదిలోంచి ఇత్తడి చెంబు తెచ్చి పక్కన పెట్టాను. దాని మీద కిటికీ పసుపుపచ్చగా ఉంది! రాగి గ్లాసు మీద ఎర్రగా ఉంది. బంగారు రంగు పూసిన ప్లాస్టిక్ గిన్నె ఒకటి, ఏదో పేరంటంలో పసుపు కుంకుమలు పెట్టి ఇచ్చింది, తీసుకొచ్చి పక్కన పెడితే దాని మీద మెరుపు చాలావరకు తెల్లగానే ఉంది. దూరం నుంచి చూసి కూడా అది ఇత్తడి కాదని మన కన్ను ఎలా పసిగడుతుందో అప్పుడు అర్థమైంది.

కారణం ఇది. వంకాయ తొక్క మీద సన్నని మైనపు పొర ఉంటుంది. వెలుగు దాన్ని తాకగానే నూటికి మూడు నాలుగు పాళ్ళు లోపలికి వెళ్ళకుండానే, అద్దం మీద పడ్డట్టు తిరిగిపోతుంది. లోపలికి వెళ్ళలేదు కాబట్టి వంకాయ రంగుతో దానికి పరిచయమే లేదు. ఏ రంగులో వచ్చిందో ఆ రంగులోనే పోతుంది. మిగిలిన వెలుగు తొక్కలోకి దిగుతుంది, అక్కడి ఊదా రంగు పదార్థాలు దానిలో చాలా భాగాన్ని మింగేస్తాయి, మిగిలిన కొంచెం అటూఇటూ చెదిరి బయటికొస్తుంది. మనం వంకాయ రంగు అనేది ఆ మిగులునే. అంటే ఒకే తొక్క మీద రెండు వెలుగులు: గడప దగ్గర నుంచే వెనుదిరిగినది ఒకటి, ఇంట్లోకి వెళ్ళి వచ్చినది ఒకటి.

లోహం తీరు వేరు. దానిలో స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లు వెలుగుని లోపలికి రానివ్వవు. దాదాపు అంతా గడప దగ్గరే తేలిపోతుంది. ఇత్తడి, రాగి, బంగారం ఆ గడప దగ్గరే నీలం వైపు రంగుల్ని కొంత మింగి, పసుపు ఎరుపుల్ని ఎక్కువగా తిప్పికొడతాయి. అందుకని వాటి ప్రతిబింబానికే రంగుంటుంది. వెండి, స్టీలు అలా వివక్ష చూపవు కనక వాటి మీద కిటికీ తెల్లగానే ఉంటుంది. నూనె రంగుల చిత్రకారులు ఎలక్ట్రాన్ల పేరు వినకముందే ద్రాక్షపండు మీద తెల్ల చుక్క, బంగారు గిన్నె మీద పసుపు చుక్క పెట్టారు. ఇవాళ కంప్యూటర్ యానిమేషన్ చేసేవాళ్ళు ఏ వస్తువుకైనా ముందు వేసుకునే ప్రశ్న కూడా ఇదే: ఇది లోహమా, కాదా?

ఇంకో చిన్న మెలిక. నూటికి మూడు నాలుగు పాళ్ళే అయితే చుక్క అంత కొట్టొచ్చినట్టు ఎలా కనిపిస్తోంది? వంకాయ మరీ ముదురు రంగులో ఉంది కనక. తెల్ల వంకాయ మీద కూడా అంతే చుక్క ఉంటుంది, కానీ చుట్టూ ఉన్న తెలుపులో కలిసిపోతుంది. నల్లని కురులకే నిగారింపు ఎక్కువని అనిపించడంలోనూ ఈ లెక్క కొంత ఉంది.

నమ్మకం కుదరకపోతే పరీక్షించడానికి పోలరైజ్డ్ చలువ కళ్ళద్దాలు చాలు. అవి నిజంగా పోలరైజ్డ్ అవునో కాదో తెలియాలంటే వాటిలోంచి ల్యాప్‌టాప్ తెర చూస్తూ అద్దాల్ని మెల్లగా తిప్పండి, తెర ఒక చోట నల్లబడాలి. నున్నని గాజు, నీళ్ళు, మైనం లాంటి వాటి మీద ఒక ప్రత్యేకమైన కోణంలో ఏటవాలుగా పడి తిరిగొచ్చే వెలుగు ఒకే దిశలో కంపిస్తుంది. గాజుకి ఆ కోణం నిలువు నుంచి సుమారు 56 డిగ్రీలు, నీళ్ళకి 53. స్కాట్లాండ్ శాస్త్రవేత్త డేవిడ్ బ్రూస్టర్ లెక్క తేల్చిన కోణం అది. కళ్ళద్దం ముక్కని ఫోను కెమెరా ముందు పెట్టి, వంకాయని ఆ కోణంలో చూస్తూ తిప్పితే ఒక దగ్గర చుక్క ఆరిపోతుంది. కిటికీని వంకాయ మీద నుంచి చెరిపేసినట్టే. ఇత్తడి చెంబు మీద ఎంత తిప్పినా ఆరదు.

చుక్క పోయిన వంకాయని చూడాలి మీరు. రంగు చిక్కబడుతుంది, నిజమే. కానీ గుండ్రదనం సగం పోతుంది. తడి పోతుంది. మెత్తని గుడ్డతో కుట్టిన బొమ్మలా అయిపోతుంది. బజారులో వంకాయల్ని ఏరేటప్పుడు చేత్తో నొక్కకముందే కన్ను ఆ చుక్కనే వెతుకుతుంది. తొక్క బిగువుగా ఉంటే కిటికీ ఒక్క ముక్కగా కనిపిస్తుంది, వడలితే చెదురుతుంది.

చెంబుతో ఇబ్బంది ఇంకో రకం. వంకాయ గదిని చుక్కగా చూపిస్తే చెంబు గదినంతా చూపిస్తుంది: కిటికీ, ఫ్రిజ్జు, గోడ మీద క్యాలెండరు, ఫోను పట్టుకుని వంగిన నేను. ఉబ్బెత్తు అద్దం కాబట్టి ఎక్కడ నిలబడినా అందులో ఉంటాం. చెంబుని ఎంత తోమినా, చింతపండు ఎంత ఖర్చుపెట్టినా ఫొటో బాగుపడదు. బాగుపడాల్సింది గది. మెరిసే వస్తువుకి తనదంటూ రూపం తక్కువ, చుట్టూ ఏం పెడితే అది చూపిస్తుంది. స్టీలు సామాను ఫొటోలు తీసే స్టూడియోల్లో వస్తువు చుట్టూ తెల్లగుడ్డతో గుడారం కట్టేది అందుకే. అలా కట్టి వదిలేస్తే స్టీలు గ్లాసు తెల్లని జావలా తేలిపోతుంది. అప్పుడు పక్కన ఒక నల్ల అట్టముక్క నిలబెడతారు. దాని ప్రతిబింబం గ్లాసు అంచున సన్నని నల్లగీతై, కాటుక దిద్దినట్టు ఆకారాన్ని తేలుస్తుంది. నేను పిల్లల ప్రాజెక్టుకని కొన్న నల్ల చార్టుని రెండుగా చింపి వాడాను. అయిదు నిమిషాల్లో చెంబుకి నడుము వచ్చింది.

మిగతా ప్రయోగాలు త్వరత్వరగా చెప్పేస్తాను.

ఒక పళ్ళెం నిండా ఉప్పు, ఇంకో పళ్ళెం నిండా నల్ల నువ్వులు పోసి, తెర మొత్తం అదే నిండేలా విడివిడిగా తీయండి. ఉప్పు మాసినట్టూ నువ్వులు వెలిసినట్టూ వస్తాయి. కెమెరాకి ఉప్పు తెలియదు, నువ్వులు తెలియవు. తన ముందున్న దృశ్యం సగటున ఒక మోస్తరు బూడిద రంగులో ఉంటుందని, పడ్డ వెలుగులో సుమారు 18 శాతం తిరిగొస్తుందని అనుకుని వెలుగు కొలుచుకునే అలవాటు దాని వంశపారంపర్యం. కొత్త ఫోన్లు ఊహించి కొంత సర్దుకుంటాయి కానీ పూర్తిగా కాదు. తెర మీద వేలు నొక్కి పట్టుకుంటే వచ్చే చిన్న సూర్యుడి గుర్తుని ఉప్పుకి పైకీ నువ్వులకి కిందికీ జరపాలి. తెల్లచీర ఫొటోలో మాసినట్టు వచ్చిందని ఇకపై ఎవర్నీ తిట్టనవసరం లేదు.

సాయంత్రం, బయట ఇంకా వెలుగుండగానే లోపల పసుపు రంగు బల్బు వేసి, తెల్ల కాగితం మీద వంకాయని నిలబెట్టండి. రెండు నీడలు పడతాయి. ఒకటి నీలంగా, ఇంకోటి పసుపుగా. కిటికీ వెలుగుని వంకాయ అడ్డుకున్న చోట బల్బు ఒక్కటే ఉంది, అది పసుపు నీడ. బల్బుని అడ్డుకున్న చోట ఆకాశం ఒక్కటే ఉంది, అది నీలం నీడ. జర్మన్ మహాకవి గేటే ఈ రంగు నీడల వెనక పడి 1810లో అచ్చయిన తన రంగుల గ్రంథంలో వాటి గురించి వివరంగా రాశాడు. మామూలుగా మన మెదడు ఈ తేడాని చల్లగా సర్దేసి కాగితం తెల్లనిదే అంటుంది. కెమెరా రెండిట్లో ఒక వెలుగుకే సర్దుకోగలదు, రెండోదాన్ని బట్టబయలు చేస్తుంది. వంట ఫొటోల్లో అన్నం ఒక పక్క నీలంగా, ఒక పక్క పసుపుగా వస్తే చేయాల్సింది ఒక్కటే, బల్బు ఆర్పేయడం.

వెనక గోడ నల్లగా రావాలంటే నల్లగుడ్డ అక్కర్లేదు. చిన్న దీపం వెలుగు దూరం రెట్టింపైతే నాలుగో వంతుకి, మూడు రెట్లైతే తొమ్మిదో వంతుకి పడిపోతుంది. బల్బుకి మీటరు దూరంలో వంకాయ, రెండు మీటర్ల దూరంలో గోడ ఉంటే గోడకి అందేది వంకాయకి అందే వెలుగులో నాలుగో వంతు. బల్బుని అర మీటరు వంకాయ దగ్గరికి జరిపితే గోడ మీటరున్నరలో ఉంటుంది, దానికి అందేది తొమ్మిదో వంతే. వంకాయకి తగ్గట్టు కెమెరాని సర్దితే తెల్లసున్నం గోడ చీకటిలోకి జారుకుంటుంది.

ఫోను విషయంలో రెండు జాగ్రత్తలు. మరీ దగ్గరగా పెట్టి తీస్తే వంకాయ ముందుభాగం ఏనుగు నుదురులా ఉబ్బి, తొడిమ వెనక్కి పారిపోతుంది. అది లెన్సు తప్పు కాదు, దూరం తప్పు. రెండడుగులు వెనక్కి జరిగి రెండు రెట్ల జూమ్ వాడండి. రెండోది పోర్ట్రెయిట్ మోడ్. ఆ వెనక మసక చాలావరకు లెన్సు చేసింది కాదు, లెక్క కట్టి పూసింది. మనిషి ముఖానికైతే బాగా పనిచేస్తుంది. గాజు గ్లాసు అంచు, జల్లెడ కన్నాలు, వంకాయ ముచ్చిక మీది ముళ్ళు కనిపించగానే తడబడి వాటినీ తుడిచేస్తుంది. వెస్టన్ దీనికి సరిగ్గా ఎదురు దారిలో వెళ్ళాడు. ఆయనా ఆన్సెల్ ఆడమ్స్ తదితర ఫొటోగ్రాఫర్లూ 1932లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో పెట్టుకున్న బృందానికి లెన్సు రంధ్రం అతి సన్నగా ఉండే ఎఫ్/64 కొలతనే పేరుగా పెట్టుకున్నారు. రంధ్రం సన్నబడితే ముందునుంచి వెనకదాకా అంతా స్పష్టం. వెలుగు తక్కువ దూరుతుంది కనక చాలాసేపు ఆగాలి. మిరపకాయ ఆగుతుంది.

అంతసేపు ఆగడం అలవాటైన మరో మనిషి ప్రాగ్ నగరపు యోసెఫ్ సుదెక్. మొదటి ప్రపంచ యుద్ధంలో కుడిచెయ్యి పోగొట్టుకుని, ఒంటిచేత్తో బరువైన పెట్టె కెమెరాలు మోస్తూ బతుకంతా ఫొటోలు తీశాడు. 1940 నుంచి దాదాపు పద్నాలుగేళ్ళ పాటు తన స్టూడియో కిటికీని మళ్ళీ మళ్ళీ తీశాడు. ఆవిరి పట్టిన అద్దం, గట్టు మీద నీళ్ళ గ్లాసు, ఒక గుడ్డు, ఒక రొట్టెముక్క. ఆ గ్లాసుల్లో కిటికీ వంకరగా ఉంటుంది. సుదెక్ ఫొటోలు చూశాక నేను నీళ్ళ గ్లాసు వెనక కాగితం మీద బాణం గుర్తు గీసి పెట్టాను. గ్లాసుకి ఆనించి ఉంచినప్పుడు బాణం సరిగ్గానే ఉంది, కాకపోతే లావెక్కింది. వెనక్కి జరుపుతూ పోతే నాలుగు వేళ్ళ దూరం దాటేసరికి కుడివైపు చూసే బాణం ఎడమవైపు తిరిగింది. నీళ్ళు నిండిన గుండ్రటి గ్లాసు ఒక లెన్సు, దాని నాభి (ఫోకస్) దాటి పోయినదల్లా అటుదిటు అవుతుంది. మా అత్తయ్య మూడుసార్లు చేయించుకుని చూశారు. ఆ తరవాత వంకాయ సంగతి అడగడం మానేశారు.

నాలుగో రోజుకి వంకాయ బరువు తగ్గింది. తొక్క సడలి సన్నని ముడతలు పడింది. పొద్దున అదే వేళకి, అదే గట్టు మీద, పంచె లేకుండా ఊచల కిటికీ పక్కనే పెట్టి ఇంకోసారి తీశాను. సాగదీసి చూస్తే ముడత ముడతకీ ఒక పెచ్చులా, పాతికో ముప్ఫయ్యో చిన్న చిన్న వంకర కిటికీలు. ఒకదానిలో మాత్రం మసిగుడ్డ ఇంకా కనిపిస్తోంది.